కౌంట్‌డౌన్: ఆపడానికి వీలుగా కట్టిన లెక్క

(సభకు రాలేకపోయినవారి కోసం ధ్వనిముద్రణ విని రాసిన పాఠం ఇది. తడబాట్లను మాత్రమే తీసివేశాం.)

సభకు నమస్కారం. ఈ పూట నేను ఒకే ఒక మాట గురించి మాట్లాడతాను. ఆ మాట కౌంట్‌డౌన్. అంతరిక్ష ప్రయోగాల నుంచి మన నిత్యవ్యవహారంలోకి వచ్చిన మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఇంత లోతుగా పాతుకుపోయిన మాట మరొకటి లేదని నా అభిప్రాయం. ఇప్పుడు దీన్ని తెలుగులోకి అనువదించి చెప్పవలసిన అవసరం కూడా లేదు. అక్షరాలు రాని వృద్ధుల నోటి నుంచి కూడా ఈ మాట వింటున్నాం.

ఎక్కడెక్కడ వింటున్నామో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎన్నికలకు కౌంట్‌డౌన్ మొదలైందని పత్రికలు రాస్తాయి. ఈ ప్రభుత్వానికి కౌంట్‌డౌన్ మొదలైందని ప్రతిపక్ష నాయకుడు బహిరంగసభలో అంటాడు. పరీక్షలకు కౌంట్‌డౌన్, కొత్త సంవత్సరానికి కౌంట్‌డౌన్, సినిమా విడుదలకు కౌంట్‌డౌన్. ప్రతినాయకుడి కళ్లలోకి చూస్తూ కథానాయకుడు నీ కౌంట్‌డౌన్ మొదలైందిరా అంటాడు. ఇన్ని ప్రయోగాలలో ఉమ్మడిగా ఉన్నదేమిటి? కాలం తరిగిపోతోంది, దాన్ని ఎవరూ ఆపలేరు, సున్నా దగ్గర ఏదో ఒకటి జరిగి తీరుతుంది. ఇంతే కదా మనం ఆ మాటలో వింటున్నది? ఆపలేరు అన్న భావం లేకపోతే కథానాయకుడి మాటలో బెదిరింపే ఉండదు.

ఇప్పుడు రాకెట్ దగ్గరకు వెళ్దాం. అక్కడ కౌంట్‌డౌన్ అంటే ఆపడానికి వీలుగా కట్టిన లెక్క. ఎక్కడ ఆపాలో, ఎవరు ఆపవచ్చునో, ఆపిన తరువాత ఎక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాలో ముందే రాసిపెట్టుకున్న లెక్క. అంటే, మాట మన దగ్గరికి వచ్చేటప్పుడు అంకెలు వచ్చాయి, ఆపే అధికారం మాత్రం అక్కడే ఉండిపోయింది. ఈ పూట నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

మన ఆలంకారికులు ఇటువంటి మాటలను పరిశీలించడానికి చక్కని పనిముట్లు ఇచ్చారు. మాటకు సూటిగా ఉన్న అర్థం వాచ్యార్థం. ఆ అర్థం సందర్భానికి పొసగనప్పుడు, దానితో సంబంధమున్న మరో అర్థాన్ని తీసుకుంటే అది లక్ష్యార్థం. వారు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది: గంగాయాం ఘోషః, అంటే గంగలో గొల్లపల్లె ఉన్నదని. నీటి ప్రవాహంలో పల్లె ఉండదు కనుక గంగ ఒడ్డున అని అర్థం చేసుకుంటాం. అయితే ఒడ్డున అని నేరుగా అనకుండా గంగలో అని ఎందుకన్నట్టు? గంగకున్న చల్లదనాన్నీ పావనత్వాన్నీ ఆ పల్లెకు కూడా అంటించడానికి. దానినే ప్రయోజనం అన్నారు. లక్షణ చేసినప్పుడు, అంటే మాటను ఇలా లక్ష్యార్థంలో వాడినప్పుడు, మూలార్థంలోని గుణాలన్నీ రావు. మనకు కావలసినవి మాత్రమే వస్తాయి. గంగలోని చల్లదనం పల్లెకు వచ్చింది, లోతు రాలేదు. మరి కౌంట్‌డౌన్‌ను ప్రభుత్వం మీదికో పరీక్షల మీదికో తెచ్చినప్పుడు మనం ఏ గుణాన్ని తెచ్చుకున్నాం, దేన్ని వదిలేశాం? ఇది తేలాలంటే వాచ్యార్థాన్ని దగ్గరగా చూడక తప్పదు. కాబట్టి కొంతసేపు రాకెట్ల సంగతి ఓపికగా వినండి.

ఒక ఆశ్చర్యకరమైన విషయంతో మొదలుపెడతాను. రాకెట్ ప్రయోగానికి ముందు అంకెలను వెనక్కి లెక్కపెట్టడం తొలిసారి ప్రజలకు కనిపించింది ప్రయోగ వేదిక మీద కాదు, వెండితెర మీద. 1929లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ చంద్రయానం గురించి ఒక మూకీ చిత్రం తీశారు. రాకెట్ శాస్త్రానికి ఆద్యులలో ఒకరైన హెర్మన్ ఓబెర్త్ ఆ చిత్రానికి సలహాదారు. మూకీ చిత్రం కనుక రాకెట్ ఎప్పుడు లేస్తుందో ప్రేక్షకుడికి ధ్వనితో చెప్పే వీలు లేదు. ఒకటి, రెండు, మూడు అని ముందుకు లెక్కపెడితే ఎక్కడ ఆగుతుందో ఎవరికి తెలుస్తుంది? పదిలో ఆగవచ్చు, వందలో ఆగవచ్చు. అదే వెనక్కి లెక్కపెడితే చివర ఎక్కడుందో చూసేవాడికి మొదటి అంకె దగ్గరే తెలిసిపోతుంది. ఉత్కంఠ కోసం చేసిన ఏర్పాటు అది. అంటే ఈ మాటకు ఉత్కంఠ అనే గుణం పుట్టుకతోనే ఉంది. మనం ఎక్కడి నుంచో తెచ్చి తగిలించినది కాదు. ఇది న్యాయంగా ఒప్పుకోవలసిన విషయం.

అయితే ఇంజనీర్లు ఆ వెనకలెక్కను ఉంచుకున్నది ఉత్కంఠ కోసం కాదు. వారి అవసరం వేరు. రాకెట్ ప్రయోగంలో ప్రతి పనికీ స్థానం చివరి నుంచే నిర్ణయమవుతుంది. ద్రవ హైడ్రోజన్‌ను సుమారు మైనస్ 253 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ద్రవ ఆక్సిజన్‌ను సుమారు మైనస్ 183 డిగ్రీల దగ్గర ఉంచాలి. ట్యాంకులో పోసిన క్షణం నుంచీ అవి ఆవిరైపోతూనే ఉంటాయి. వాటిని నాలుగు రోజుల ముందు నింపి పెట్టుకోవడం కుదరదు. లేచే సమయానికి ఇన్ని గంటల ముందు అనే లెక్కలోనే నింపాలి. ఫాల్కన్ 9 రాకెట్‌లోనైతే ఆక్సిజన్‌ను మరింత చల్లబరచి వాడతారు కనుక, ఇంధనం నింపడం సుమారు 35 నిమిషాల ముందు మాత్రమే మొదలవుతుంది. బ్యాటరీల మీదికి మారడం, మార్గదర్శక కంప్యూటర్‌కు చివరి సమాచారం ఇవ్వడం, వేదిక మీది మనుషులను ఖాళీ చేయించడం, ఇవన్నీ సున్నా నుంచి వెనక్కి కొలిచి పెట్టిన పనులే. అందుకే వారు టి-మైనస్ అంటారు. టి అంటే లేచే క్షణం. దానికి ఇంత ముందు ఈ పని అని అర్థం. కౌంట్‌డౌన్ అంటే చివరి పది సెకన్లు అనుకుంటాం గానీ, చంద్రయాన్-3కు అది 25 గంటల 30 నిమిషాలు సాగింది. ఆ గంటలన్నీ వేచి ఉండే గంటలు కావు. పని గంటలు.

ఇక అసలు విషయానికి, హోల్డ్ అనే ఏర్పాటుకు, అంటే లెక్కను మధ్యలో ఆపి ఉంచడానికి, వస్తున్నాను. దయచేసి దీన్ని శ్రద్ధగా వినండి.

అమెరికా స్పేస్ షటిల్‌కు కౌంట్‌డౌన్ టి-మైనస్ 43 గంటల దగ్గర మొదలయ్యేది. 43 గంటలంటే రెండు రోజులకన్నా తక్కువ. కానీ ఆ లెక్క మొదలుపెట్టిన సుమారు మూడు రోజులకు గానీ రాకెట్ లేచేది కాదు. మిగతా సమయం ఎటు పోయింది? మధ్యమధ్యలో గడియారాన్ని కావాలనే ఆపేవారు. లోపం కనిపించి కాదు, ఆపాలని ముందే రాసుకుని. 3 గంటల దగ్గర ఒక విరామం, 20 నిమిషాల దగ్గర ఒకటి, 9 నిమిషాల దగ్గర ఇంకొకటి. వెనకబడిన పనులు ఉంటే అందుకోవడానికి, అనుమానాలు ఉంటే తీర్చుకోవడానికి. 9 నిమిషాల విరామంలో ప్రయోగ సంచాలకుడు ఒక్కొక్క విభాగాన్ని అడిగేవాడు. సిద్ధమా, కాదా అని. ఒక్కరు కాదంటే గడియారం కదలదు. అందుకే వారికి రెండు లెక్కలు అవసరమయ్యాయి. టి-మైనస్ అనేది పనుల లెక్క, అది ఆగుతుంది. ఎల్-మైనస్ అనేది గోడ గడియారం లెక్క, అది ఆగదు. మన వాడుకలోని కౌంట్‌డౌన్ ఈ రెండింటిలో ఏది? ఎల్-మైనస్. పేరు మాత్రం టి-మైనస్‌ది.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. షటిల్‌లో మూడు ప్రధాన ఇంజన్లు సున్నాకు 6.6 సెకన్ల ముందు మండటం మొదలుపెట్టేవి. పక్కనున్న రెండు ఘన ఇంధన బూస్టర్లు మాత్రం సున్నా దగ్గరే అంటుకునేవి. ఎందుకీ తేడా? ద్రవ ఇంధన ఇంజన్‌ను మండించాక కూడా ఆర్పవచ్చు. ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే ఇక ఆర్పే దారి లేదు. కనుక ఆర్పగలిగినదాన్ని ముందు వెలిగించి, అది సరిగా మండుతోందా అని కంప్యూటర్ చూసుకుని, అప్పుడే ఆర్పలేనిదాన్ని వెలిగిస్తారు. ఆ ఆరు సెకన్లు ఆపడానికని ఉంచుకున్న ఆరు సెకన్లు. అవి వృథాగా పోలేదు. షటిల్ చరిత్రలో 135 ప్రయాణాలు జరిగితే, అయిదు సందర్భాలలో ఇంజన్లు అంటుకున్న తరువాత కంప్యూటర్ వాటిని ఆర్పివేసింది. మొదటిది 1984 జూన్ 26న. ఆ నౌక అదే సంవత్సరం ఆగస్టు 30న క్షేమంగా లేచింది. ప్రతిసారీ నౌకలో మనుషులున్నారు. ప్రతిసారీ వారు తమ కాళ్ల మీద నడిచి కిందికి దిగారు.

మన దేశపు ప్రయోగాలలోనూ ఇటువంటివి ఉన్నాయి. 2001 మార్చి 28న జీఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగం. ఇంజన్లు అంటుకున్నాయి, పొగ కమ్ముకుంది. చుట్టూ ఉన్న నాలుగు స్ట్రాప్ఆన్ ఇంజన్లలో ఒకటి రాకెట్‌ను పైకి నెట్టే బలాన్ని తగినంత ఇవ్వడం లేదని స్వయంచాలక వ్యవస్థ పసిగట్టి, రాకెట్ లేచే ముందు అన్నింటినీ ఆపేసింది. అదే రాకెట్ ఏప్రిల్ 18న లేచింది. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 కౌంట్‌డౌన్ ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉండగా ఆగింది. జులై 22న ప్రయోగం జరిగింది, ఆగస్టు 20న నౌక చంద్రుని కక్ష్యలో ప్రవేశించింది. 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ పరీక్ష వాహనం సున్నాకు అయిదు సెకన్ల ముందు ఆగింది. కారణం తెలుసుకుని సరిచేసి అదే ఉదయం 10 గంటలకు ప్రయోగించారు. వ్యోమగాములను ఆపద నుంచి తప్పించే వ్యవస్థను పరీక్షించడానికి ఏర్పాటు చేసిన ప్రయోగం అది. ఆ రోజు మొదట పరీక్షకు నిలిచి నెగ్గినది మాత్రం కౌంట్‌డౌనే అని నేనంటాను.

ఇక్కడ 1965 డిసెంబర్ 12 నాటి ఒక సంఘటన చెప్పకుండా ముందుకు వెళ్లలేను. అమెరికా జెమిని 6ఎ నౌకలో వ్యోమగాములు వాల్టర్ షిర్రా, టామస్ స్టాఫర్డ్ కూర్చుని ఉన్నారు. లెక్క సున్నాకు చేరింది. ఇంజన్లు అంటుకున్నాయి. క్షణంలో ఆరిపోయాయి. రాకెట్ లేచేటప్పుడు ఊడవలసిన ఒక విద్యుత్ ప్లగ్ ముందే ఊడిపోయింది. దానితో నౌకలోని గడియారం రాకెట్ లేచినట్లే భావించి ముందుకు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు షిర్రా స్థితి ఊహించండి. గడియారం లేచామంటోంది. ఇంజన్లు ఆరిపోయాయి. నిజంగా కొన్ని అంగుళాలు లేచి ఉంటే, నిండా ఇంధనంతో ఉన్న రాకెట్ తిరిగి కిందపడి పేలిపోతుంది. నియమం ప్రకారం అతడు కాళ్ల మధ్యనున్న కడియం లాగి ఇద్దరినీ బయటికి విసిరివేయించాలి. అతడు లాగలేదు. తన శరీరానికి కదలిక తెలియలేదు, కాబట్టి రాకెట్ లేవలేదు అని నిశ్చయించుకున్నాడు. మూడు రోజుల తరువాత అదే రాకెట్ మీద అదే ఇద్దరూ వెళ్లి, అంతరిక్షంలో జెమిని 7 అనే మరో నౌకకు ఒక అడుగు దూరం దాకా చేరారు. గడియారం మాటను కాదని తన అనుభవాన్ని నమ్మిన మనిషి అతడు. అంకె చెప్పింది కాబట్టి జరిగి తీరిందని నమ్మి ఉంటే ఆ ప్రయాణం లేదు.

ఆగవలసిన చోట ఆగని కౌంట్‌డౌన్ గురించి కూడా చెప్పాలి. చాలెంజర్ అనే షటిల్ నౌక. 1986 జనవరి 28. ముందటి రాత్రి బూస్టర్లు తయారుచేసిన సంస్థ ఇంజనీర్లు, సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కన్నా చలి ఎక్కువగా ఉంటే ప్రయోగించవద్దని చెప్పారు. వారి సంస్థ యాజమాన్యం మొదట ఆ మాటే చెప్పి, తరువాత మార్చుకుంది. ఆలన్ మెక్‌డొనాల్డ్ అనే ఇంజనీరు అనుమతి పత్రం మీద సంతకం పెట్టడానికి నిరాకరించారు. మర్నాడు ప్రయోగ సమయానికి ఉష్ణోగ్రత 2 డిగ్రీల దగ్గర ఉంది. లేచిన 73 సెకన్లకు నౌక విచ్ఛిన్నమై ఏడుగురు మరణించారు. ఆ ఉదయం గడియారం ఆగలేదా? ఆగింది. వేదిక మీది మంచును చూడటానికి ఆగింది. కానీ ఇంజనీర్లు అంత గట్టిగా వద్దన్న సంగతి చివరి నిర్ణయం తీసుకునే పెద్దల దాకా చేరలేదని విచారణ సంఘం తేల్చింది. హోల్డ్ అనే ఏర్పాటు కాగితం మీద ఉంటే చాలదు. ఆపండి అన్న గొంతు గడియారం దగ్గరి మనిషికి వినబడాలి. ఆ రాత్రి ఆ సంస్థలలో కౌంట్‌డౌన్ అనే మాట వాచ్యార్థంలో కాక, మన లక్ష్యార్థంలో పనిచేసిందని నాకు అనిపిస్తుంది. ఎలాగైనా జరిగి తీరవలసినదిగా.

అందరూ అంకెలు చదువుతారని కూడా అనుకోకండి. రష్యన్ సంప్రదాయంలో గట్టిగా వెనక్కి లెక్కపెట్టడం లేదు. ఒకదాని తరువాత ఒకటిగా ఆజ్ఞలు వినిపిస్తాయి: తాళంచెవి ప్రారంభ స్థానానికి, జ్వలనం, ఇలా. 1961లో గగారిన్ వెళ్లినదీ అలాగే. అంకెలు లేకపోయినా పనుల వరుస ఉంది, పని పూర్తయితేనే తరువాతి ఆజ్ఞ. దీన్నిబట్టి కౌంట్‌డౌన్‌లో ప్రాణం ఎక్కడుందో తెలుస్తోంది కదా?

ఇప్పుడు మన భాషకు తిరిగి వద్దాం. మనం ఈ మాటను తీసుకున్నప్పుడు ఆపే గుణాన్ని ఎందుకు వదిలేశాం? నా ఊహ చెబుతాను. తప్పించుకోలేని ముగింపును చెప్పే మాటలు తెలుగులో అప్పటికే సమృద్ధిగా ఉన్నాయి. రోజులు దగ్గరపడ్డాయి అంటాం. నూకలు చెల్లాయి అంటాం. పాపం పండింది అంటాం. శిశుపాలుడి నూరు తప్పుల కథ మనకు చిన్ననాటి నుంచీ తెలుసు. అక్కడ లెక్క ముందుకే నడుస్తుంది గాని, నూరు దాటితే ఏమవుతుందో ముందే తెలుసు. ఈ అచ్చులోకి కొత్త మాటను పోశాం. రాకెట్ నుంచి వచ్చిన మాట నూకలు చెల్లడం పక్కన కూర్చుంది. అది సహజమే. లక్షణ చేసేవాడికి ఏ గుణం కావాలో అదే తీసుకుంటాడని ఆలంకారికులు చెప్పనే చెప్పారు. ప్రత్యర్థి గుండెల్లో భయం పుట్టించాలనుకునేవాడికి విరామాలతో పనేమిటి?

ఆ వాడుక తప్పని నేను అనడం లేదు. వాడుకను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నన్ను కలవరపెడుతున్నది వేరే సంగతి. లక్ష్యార్థం వెనక్కి తిరిగి వచ్చి వాచ్యార్థాన్ని కప్పేస్తోంది. ఒక ప్రయోగంలో కౌంట్‌డౌన్ ఆగిందనుకోండి, మన వార్తలు ఎలా వస్తాయి? అపశ్రుతి అని వస్తాయి. చివరి నిమిషంలో ఎదురుదెబ్బ అని వస్తాయి. ఆపలేనిది ఆగింది కాబట్టి ఏదో విరిగిపోయిందని చదువరి అనుకుంటాడు. నిజానికి ఆ క్షణంలో ఆ వ్యవస్థ తాను చేయవలసిన పని చేసింది. ఇంకా 56 నిమిషాలు ఉండగా కోట్ల మంది చూస్తున్నారని తెలిసీ ఆపండి అని చెప్పడానికి ఎంత నిబ్బరం కావాలి? ఆ నిబ్బరాన్ని చెప్పే మాట మన వార్తలో లేకుండా పోవడం నాకు బాధగా ఉంటుంది. వాయిదా వేశారు, సరిచూసుకుంటున్నారు అని రాస్తే వార్తకు వచ్చే నష్టమేమీ లేదు.

లక్ష్యార్థంలో కూడా ఆపే గుణాన్ని నిలుపుకున్న ఉదాహరణ ఒకటి ఉంది. అణుయుద్ధ ప్రమాదాన్ని సూచించడానికి అణు శాస్త్రవేత్తలు 1947లో ఒక ఊహా గడియారాన్ని ప్రకటించారు. అర్ధరాత్రి అంటే ప్రళయం. మొదట ముల్లును అర్ధరాత్రికి 7 నిమిషాల ముందు పెట్టారు. 1953లో అది 2 నిమిషాలకు చేరింది. కానీ 1991లో, ప్రచ్ఛన్నయుద్ధం ముగిసి, అమెరికా, సోవియట్ యూనియన్ అణ్వస్త్రాల తగ్గింపు ఒప్పందం మీద సంతకాలు చేసినప్పుడు, దాన్ని వెనక్కి జరిపి అర్ధరాత్రికి 17 నిమిషాల ముందు పెట్టారు. చూశారా? అది అలంకారమే, నిజమైన గడియారం కాదు. అయినా దాని ముల్లు వెనక్కి వెళుతుంది. మనుషులు చేసే పనిని బట్టి కదులుతుంది. కౌంట్‌డౌన్‌కు ఇటువంటి లక్ష్యార్థం కూడా సాధ్యమేనని చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నా దగ్గర లేదు.

చివరగా సున్నా గురించి. మన వాడుకలో సున్నా అంటే సమాప్తి. ప్రభుత్వం పడిపోతుంది, ప్రతినాయకుడు చస్తాడు, కథ అయిపోతుంది. ప్రయోగ కేంద్రంలో గడియారం సున్నా దగ్గర ఆగదు. గుర్తు మారుతుంది, అంతే. టి-మైనస్ పోయి టి-ప్లస్ వస్తుంది. ఒకటి, రెండు, మూడు అని ముందుకు వెళుతుంది. చంద్రయాన్-3 లేచినది 2023 జులై 14న. దిగినది ఆగస్టు 23న. ఆ నలభై రోజుల ప్రయాణం, భూమి చుట్టూ కక్ష్య పెంచుకుంటూ పోవడం, చంద్రుని కక్ష్యలోకి మారడం, ల్యాండర్ విడిపోవడం, అంతా టి-ప్లస్ వైపు జరిగినదే. 25 గంటల కౌంట్‌డౌన్ దాని ముందు ఎంత చిన్నది!

కాబట్టి నిఘంటువులు కూర్చేవారు ఈ సభలో ఎవరైనా ఉంటే వారికి నా విన్నపం ఒకటి. ఈ మాటకు అర్థం రాసేటప్పుడు, ముగింపు సమీపించడం అన్న లక్ష్యార్థాన్ని తప్పక రాయండి, అది జనవాడుకలో ఉన్న నిజమైన అర్థం. కానీ దానికన్నా ముందు, ఒక కార్యం ఆరంభమయ్యే క్షణం నుంచి వెనక్కి కొలిచి, అవసరమైనచోట ఆపుకుంటూ, పనులను వరుసగా ముగించే పద్ధతి అని వాచ్యార్థం రాయండి. ఆపుకుంటూ అన్న మాటను మాత్రం వదలకండి. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.